స్ప్రే మాస్టారి బీరువాలో చీమల రాణి

జూన్ 9

ఒరేయ్ తమ్ముడూ,

నిన్న నువ్వు వరసగా ఫోన్లు చేశావు, నేను ఎత్తలేదు. కావాలనే ఎత్తలేదు. ఫోన్లో అయితే నేను "అది కాదురా" అనేలోపు నువ్వు తీర్పు చెప్పేసి, "సరే అక్కా, ఉంటా" అని పెట్టేస్తావు. కాగితం మీద నువ్వు నాకు అడ్డం రాలేవు. కాబట్టి ఈ విషయం మీద ఇకనుంచి ఏం మాట్లాడాలన్నా ఉత్తరమే. నువ్వు కూడా చేత్తోనే రాయి. చేత్తో రాస్తే కోపం కాస్త మెల్లగా వస్తుంది.

మా ఓనరమ్మ నీకు ఫోన్ చేసి నా మీద ఫిర్యాదు చేసిందట. "మీ అక్కయ్యగారు గదిలో చీమల్ని పెంచుతున్నారండీ, అవన్నీ మా వంటింట్లోకి దిగిపోతున్నాయండీ" అని. ముందు ఒక సంగతి అడుగుతాను. నాకు నలభై తొమ్మిదేళ్లు. ఆస్పత్రి ల్యాబులో నా సంతకం లేనిదే ఒక్క రక్తపరీక్ష రిపోర్టు బయటికి పోదు. ఆవిడ ఉండేది కింద వాటాలో, నేను ఉండేది పై వాటాలో. మెట్లెక్కి వచ్చి నన్ను అడగడానికి ఓపిక లేదు గానీ, బస్సెక్కితే సగం పూట పట్టే ఊళ్లో ఉన్న నీకు చెప్పడానికి మాత్రం ఓపికుంది. నేనేమైనా బడి ఎగ్గొట్టిన పిల్లనా, ఇంట్లో మగవాళ్లకి చెప్పి బుద్ధి చెప్పించడానికి?

అవును, చీమల్ని పెంచుతున్నాను. దొంగచాటుగా కాదు. కిటికీ పక్క బల్ల మీద, అద్దం మూత ఉన్న ప్లాస్టర్ దిమ్మలో నల్ల గండు చీమలు. దిమ్మలో గదులూ దారులూ నేనే చెక్కాను. దాన్ని ఆనుకుని ఒక ప్లాస్టిక్ పెట్టె, అది వాటి మేత మైదానం. పెట్టె అంచుకి స్పిరిట్‌లో కలిపిన పౌడరు పూస్తాను. అది ఆరాక దాని మీద చీమ కాలు నిలవదు, జారి మళ్లీ లోపలే పడుతుంది. రోజూ ఒక చుక్క పంచదార నీళ్లు, అప్పుడప్పుడు ఒక బొద్దింక కాలో, ఉడికిన గుడ్డు ముక్కో. డ్యూటీ నుంచి వచ్చి వాటి ముందు కూర్చుంటే నాకు టీవీ అక్కర్లేదు. ఒక చీమకి మేత దొరికితే ఇంటికెళ్లి ఇంకోదాన్ని వెంటబెట్టుకొస్తుంది. వెనకది తప్పిపోతే ముందుది ఆగుతుంది. వెనకది వచ్చి మీసంతో తడితేనే మళ్లీ కదులుతుంది. ఈపాటి మర్యాద మన చుట్టాల్లో ఎవరికుందో చెప్పు.

ఓనరమ్మ వంటింట్లోవి నా చీమలు కావు. నేను ఇల్లు ఖాళీ చేయను. చీమల్ని పారేయను. ఈ మూడు ముక్కలూ ఆవిడకి నువ్వు చెప్పొద్దు, నేనే చెప్పుకుంటాను.

మరదలికి మోకాలి నొప్పి తగ్గిందా? మేనకోడలు పరీక్షలు ఎలా రాసింది?

నీ అక్క

&nbsp;

జూన్ 15

అక్కా,

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు బాగున్నానని రాయలేదు కాబట్టి బాగాలేవనే అనుకుంటున్నాను. ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో, పెన్ను కోసమే ఇల్లంతా వెతికాను. "ఎవరికండీ, ప్రేమలేఖా?" అని నీ మరదలి ఎగతాళి ఒకటి.

నువ్వొక్కసారి నా వైపునుంచి ఆలోచించు. నేను చేసే పనేంటి? చీమలు, బొద్దింకలు, చెదలు, నల్లులు, వీటిని చంపడం. నా బండి మీద వెల్లకిలా పడ్డ బొద్దింక బొమ్మ ఉంటుంది. ఊళ్లో పిల్లలు కూడా నన్ను స్ప్రే మాస్టారనే పిలుస్తారు. అలాంటివాడి సొంత అక్క ఇంట్లో చీమల్ని సాకుతోందంటే జనం నవ్వరా? పైగా ఆ ఇల్లు నీకు చూసిపెట్టింది నేను. ఆ ఓనరుగారి లాడ్జీకి స్ప్రే చేసేదీ నేనే. ఆయన మాట తీసిపారేస్తే ఎలా?

నాది కోపం కాదక్కా, బెంగ. రెండేళ్ల కిందట నీకు గర్భసంచి తీసేశారు. ఈ చీమలు కూడా అప్పట్నుంచే. నేను లెక్క తెలియనివాణ్ణి కాదు. "వదినకి పిల్లల్లేరు, తోడు లేదు, అందుకే మనసు పురుగుల మీదికి పోయింది" అంటుంది నీ మరదలు. తప్పుగా అనుకోకు, ప్రేమతో అన్న మాటే. మాకు తెలిసిన మనసు డాక్టరు ఒకావిడ ఉంది. మందులూ అవీ ఏం ఉండవు, ఊరికే మాట్లాడుతుంది.

మా మేడ మీద గది ఖాళీగా ఉంది. గోడలకి నీకిష్టమైన లేతపచ్చ రంగు వేయించాను. ఇక్కడా ల్యాబులున్నాయి, ఉద్యోగం చేస్తానంటే చెయ్, మానేస్తానంటే మానెయ్. ఏ రాత్రప్పుడో నీకు గుండెల్లో నొప్పొస్తే మంచినీళ్లిచ్చే దిక్కెవరు? ఈ ఒక్కదానికి జవాబు చెప్పు, మిగతాదంతా వదిలేస్తాను.

నెలాఖరు ఆదివారం నేనే వస్తున్నాను. అంతా నేను చూసుకుంటానని ఓనరుగారికి మాటిచ్చాను.

నీ తమ్ముడు

&nbsp;

జూన్ 19

స్ప్రే మాస్టారూ,

నువ్వు "చూసుకుంటాను" అంటే ఏమిటో నాకు తెలుసు. భుజానికి ట్యాంకు, చేతిలో గొట్టం, ముక్కుకి గుడ్డ. నువ్వెక్కడికెళ్లి చూసుకున్నా ఆ తర్వాత అక్కడ ప్రాణమున్నది ఏదీ మిగల్లేదు. ఆదివారం ఉత్త చేతులతో వస్తే అన్నం పెడతాను. ట్యాంకుతో వస్తే తలుపుకి అడ్డంగా కూర్చుంటాను. నన్ను దాటి స్ప్రే చేయాలంటే ముందు నా మీద చేయాలి.

గుండెల్లో నొప్పి ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెప్పను. కోపంలో ఉన్నాను.

ఆపరేషన్ మాట. తీసేసింది గర్భసంచినిరా, బుర్రని కాదు. మీ పక్కింటాయన పావురాల్ని పెంచుతాడు, ఆయనకి ముగ్గురు కొడుకులు. ఆయన్ని ఎవరూ మనసు డాక్టరు దగ్గరికి పంపలేదే? మగవాడు పావురాల్ని పెంచితే సరదా, ఆడది చీమల్ని పెంచితే జబ్బు. మరదలితో ఈ ముక్క నా మాటగా చెప్పు. ప్రేమతో అన్న మాటేనని కూడా చెప్పు.

దీంతో ఒక అట్ట ముక్క పెడుతున్నాను, దాని మీద టేపుతో రెండు చీమల్ని అంటించాను. ఎడమది ఓనరమ్మ వంటింటి గట్టు మీద, ఆవిడ ఎదుటే పట్టింది. పసుపచ్చగా, ఆవగింజలో సగం ఉంటుంది. కుడిది నాది, నల్లగా బియ్యపు గింజంత. ఇన్నేళ్లుగా ఇదే పనిలో ఉన్నావు కదా, రెండూ ఒకటేనా? రాసి పంపు. నా మాట ఆవిడ నమ్మదు, నీ మాట నమ్ముతుంది. ఆ సంగతి తల్చుకుంటేనే నాకు మంట, అయినా అడుగుతున్నాను.

ఇంకొకటి. మా అంబులెన్స్ డ్రైవరు మీ ఊరొస్తున్నాడు. అతని చేతికి ఒక అట్టపెట్టె ఇచ్చాను. అందులో ఎర్ర కాగితం చుట్టిన టెస్ట్ ట్యూబు, ట్యూబు అడుగున నీళ్లు, నీళ్లకి దూది అడ్డం, దూదికి ఇవతల ఒక కొత్త రాణి. మొన్నటి వానకి ఎగిరొచ్చి ఆస్పత్రి లైటు కింద రెక్కలు రాల్చుకుంటుంటే పట్టాను. నా గదికి నీ మందొచ్చినా, ఓనరమ్మ మందొచ్చినా, ఇదొక్కటైనా మిగలాలి. ఎక్కడ దాచాలా అని చాలా ఆలోచించాను. లోకంలో పురుగుల మందు పడని ఇల్లు ఏదైనా ఉందంటే అది పురుగుల మందు కంపెనీవాడిదే. ఇంట్లోనూ ఆఫీసు గదిలోనూ నువ్వు ఒక్క చుక్క చల్లనివ్వవని మరదలు నాకెప్పుడో చెప్పింది.

చీకట్లో ఉంచు. కదపకు. మేత పెట్టకు. రెక్కలు ఆడించే కండ దాని ఒంట్లో ఉంటుంది, ఇక ఎగిరే పని లేదు కాబట్టి ఆ కండనే కరిగించుకుని బతుకుతుంది, పిల్లలకీ అందులోంచే పెడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, చూడకు. నేను చెప్పేదాకా ఆ కాగితం విప్పి చూడకు. నీకు చేతనైతే ఈ ఒక్క సాయం చెయ్యి: ఏమీ చెయ్యకు.

నీ అక్క

&nbsp;

జూన్ 30

అక్కా,

ఆదివారం రాలేదు. తలుపుకి అడ్డంగా కూర్చుంటానన్నావు, కూర్చునే మనిషివేనని తెలుసు. నాకు జ్వరమని ఓనరుగారికి అబద్ధం చెప్పాను.

పెట్టె చేరింది. ఆ డ్రైవరు రెండు చేతులతో పట్టుకుని, "సార్, ఇందులో ప్రాణముందట. గుంటల్లో దింపకుండా తోలమన్నారు మేడం" అంటూ మా పనివాళ్లందరి ముందూ ఇచ్చాడు. పరువు తీశావు. బిల్లులేమో అని చెప్పి ఆఫీసు బీరువాలో వెనక్కి పెట్టాను. మందు డబ్బాలు ఆ దరిదాపుల్లో లేవు, నాదీ పూచీ.

నువ్వేం బెంగపడకు, పొద్దునా సాయంత్రం చూస్తూనే ఉన్నాను. టార్చి వేసి చూస్తే బాగానే ఉంది. గుడ్లు కూడా పెట్టింది! తెల్లగా నలుసుల్లా, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. వాటిని నోటితో తీసి, నాకి, మళ్లీ కింద పెడుతుంది తెలుసా? నేను ఇన్నేళ్లలో చీమని బతికుండగా ఇంత దగ్గరగా చూడలేదు. పాపం ఏమీ తినకుండా ఎలా ఉంటుందని దూది కాస్త లాగి తేనె చుక్క పెట్టాను. కండ కరిగించుకోవడమేంటక్కా, నా ఇంటికొచ్చిన ప్రాణి పస్తుంటే నాకు ముద్ద దిగుతుందా?

ఇక అట్ట మీద చీమలు. అక్కా, చీమ చీమే. ఇంట్లోకి వచ్చాక అది ఎవరిదైతేనేం? ఆ ముక్క పట్టుకుని ఓనరమ్మతో వాదన పెట్టుకోకు. మేడ మీద గదికి కర్టెన్లు కుట్టించాం, నీ మరదలే దగ్గరుండి కొలతలిచ్చింది.

నీ తమ్ముడు

&nbsp;

జూలై 4

ఒరేయ్,

టార్చి ఆపు. కాగితం చుట్టేసి బీరువా మూసెయ్. తేనె తీయడానికి కూడా మళ్లీ తెరవకు. చెప్పిందానికి సరిగ్గా తలకిందులుగా చేశావు.

చీమ చీమేనా? ఆ చిన్న పసుపు చీమలకి స్ప్రే పనికిరాదని, కొడితే గూడు ముక్కలై నాలుగు చోట్ల మొలుస్తుందని పోయినేడాది నాకు చెప్పింది నువ్వు. ఏ చీమకి ఏ మందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలవాడు "రెండూ ఒకటే" అంటున్నాడంటే, నాకేదో తేడాగా ఉంది.

ఓనరమ్మ నిన్న నా వాటాకి నీళ్లొచ్చే కొళాయి కట్టేసింది. కిందనుంచి బిందెలతో మోసుకుంటున్నాను. నాకు చీమ కుట్టినట్టయినా లేదని ఆవిడ వినేలాగే పక్కింటావిడతో చెప్పాను.

నీ అక్క

&nbsp;

జూలై 12

అక్కా,

ఎలా రాయాలో తెలియక కాగితాలు చింపుతున్నాను. గుడ్లు లేవు. నీ ఉత్తరం వచ్చేసరికే లేవు. మొదట ఎక్కడైనా దాచిందేమో అనుకున్నాను. తర్వాత చూస్తే చివరిది దాని నోట్లో ఉంది. నాకడం కాదక్కా, తినేస్తోంది. కన్నతల్లి అలా చేస్తుందా? నీ ఉత్తరం చదివాక తెలిసింది చేయించింది నేనేనని.

చంపాలని కాదు చూసింది. ఉందో పోయిందో అనే బెంగ. పడుకుంటే అదే గుర్తొచ్చేది. ఇన్నేళ్లలో చంపినవాటికి లెక్కాపత్రం లేదు, ఒక్కరోజూ భోజనం మానలేదు. మొన్న మానాను. నీ మేనకోడలు చూసి, "నాన్నా, అత్త వద్దన్న ఒక్క పనీ నువ్వు ఆపలేకపోయావు" అంది.

ఇంకొకటి కూడా ఈ చేత్తోనే రాసేస్తాను. నీకు తేడాగా ఉందన్నావు. ఉంది. ఓనరమ్మ ఫోన్ చేసిన రోజే, "సన్నగా, పసుపచ్చగా, సింకు దగ్గర" అనగానే అవి నీవి కావని నాకు తెలుసు. నీ అట్ట ముక్క రాకముందే తెలుసు. చెప్పలేదు. వాళ్లు ఖాళీ చేయమంటే, నేను బలవంతపెట్టానన్న మాట రాకుండా నువ్వు మా ఇంటికి వస్తావనుకున్నాను. తిట్టు. నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు.

నీ తమ్ముడు

&nbsp;

జూలై 18

తమ్ముడూ,

తిట్టమన్నావు, తిడతాను. ముందు రాణి సంగతి.

అది చెడ్డతల్లి కాదు. పొద్దునా సాయంత్రం ఇల్లు అదిరి, వెలుగొచ్చి మీద పడుతుంటే, ఇక్కడ పిల్లలు బతకరని దానికి అనిపిస్తుంది. ఆ గుడ్లలో ఉన్నది దాని ఒంటి కండే. దాన్ని వెనక్కి తీసుకుని, ఎప్పటికైనా నెమ్మది దొరికితే మళ్లీ పెడదామని ఆగుతుంది. నువ్వు కొట్టలేదు, మందు చల్లలేదు. ప్రేమగా చూశావు, అంతే. అదే దానికి ఎక్కువైంది.

ఇప్పుడు నా సంగతి విను. నా పెద్ద గూడు రాణి నాకు దొరికింది ఆపరేషన్‌కి ముందురోజు సాయంత్రం. ట్యూబులో పెట్టి, బట్టల అలమరాలో వెనక్కి తోసి, వెళ్లి ఆస్పత్రిలో చేరాను. ఆ తర్వాత మీరంతా నా గదిలో దిగారు. తినకపోతే ఎందుకు తినలేదు, తింటే ఇంతేనా, పడుకుంటే నీరసమా, లేస్తే ఎందుకు లేచావు. తలుపు దగ్గరకి వేసుకుంటే క్షణం ఆగకుండా కొట్టారు. లోపల పడిపోతానని స్నానాల గది గడియ ఊడదీయించావు నువ్వు. నాకు ఏడవాలని ఉండేదిరా. కడుపు కోసి తీసేశారు, ఏడుపు రాదా? ఏడిస్తే మీరు చూస్తారు, చూస్తే మందలిస్తారు, అందుకని ఏడవలేదు. మీరంతా వెళ్లాక అలమరా తెరిస్తే, ఎవరూ పట్టించుకోని ఆ ట్యూబులో రాణి చుట్టూ బుల్లి చీమలు తిరుగుతున్నాయి. ఆ రోజు తలుపు వేసుకుని కరువుతీరా ఏడ్చాను. అప్పట్నుంచే ఈ పిచ్చి. నీ లెక్క సరిగ్గానే ఉంది, కారణమే తప్పు.

ఇక తిట్లు. పొగబెట్టి పురుగుని కన్నంలోంచి బయటికి రప్పించడం నీ వృత్తి. దాన్ని అక్క మీద వాడతావా సిగ్గులేనివాడా? ఆవిడ నీళ్లు కట్టేస్తే, నేను కుట్లు పడ్డ కడుపుతో బిందెలు మోస్తుంటే, నువ్వక్కడ కర్టెన్లకి కొలతలు తీయిస్తున్నావా? ఓనరమ్మ తెలియక అంది. నువ్వు తెలిసి ఊరుకున్నావు. ఆవిడకంటే నీ మీదే నాకు ఎక్కువ కోపం.

నాకు నీ జాలి వద్దు. నిజం కావాలి. వెళ్లి వాళ్లకి చెప్పు, ఫోన్లో కాదు, ముఖాముఖి. చెప్పకపోతే నీ గడప తొక్కను, ఆ గదికి బంగారు కర్టెన్లు వేలాడదీసినా సరే. చెప్పినా చెప్పకపోయినా ఇల్లు మాత్రం ఖాళీ చేయను.

రాణిని అక్కడే ఉంచు. మళ్లీ పెట్టొచ్చు. ఈసారి చూడకు.

అక్క

&nbsp;

జూలై 30

అక్కా,

నువ్వు డ్యూటీలో ఉండగా నిన్న మీ ఇంటికొచ్చాను. నీ వాటా వైపు వెళ్లలేదు. ట్యాంకు తేలేదు, స్క్రూడ్రైవరు తెచ్చాను.

ఓనరమ్మ సింకు కింద పలక ఊడదీస్తే లోపల పైపు కారి గోడంతా చెమ్మ, ఆ చెమ్మలో గూడు. భార్యాభర్తలిద్దర్నీ పిలిచి చూపించాను. "అమ్మా, ఇవి మీ గోడలో పుట్టి మీ గోడలో పెరిగినవి. మా అక్కవి పెట్టె దాటి రావు. నాకు ముందునుంచీ తెలుసు, నోరు మూసుకుని ఉన్నాను, తప్పు నాది" అన్నాను. ఓనరమ్మ ఏమందో తెలుసా? "సరేనండీ, మావే అనుకోండి. అయినా మొగుడూ పిల్లలూ లేని మనిషి, రేపేమైనా అయితే ఎవరు చూస్తారు? మా మీదికొస్తుంది. మీరే తీసుకెళ్లిపోండి."

అక్కా, అది నేను నీకు రాసిన మాటే. అదే మాట ఆవిడ నోట్లోంచి వస్తే నాకు ఒళ్లు మండిపోయింది. "మా అక్క సామానా తీసుకెళ్లడానికి? ఆమె ఇల్లు ఆమెది, అడగాలంటే ఆమెనే అడగండి. ఇంకోసారి నాకు ఫోన్ చేయకండి" అన్నాను. లాడ్జీ పని ఇక చేయనని కూడా చెప్పేశాను. ఆ తర్వాత మెట్ల కింద, నీ వాటాకి కట్టేసిన కొళాయి నేనే తిప్పి మరీ వచ్చాను.

మేడ మీద గది నీ మేనకోడలు చదువుకోవడానికి తీసుకుంది. కర్టెన్ల రంగు దానికి నచ్చలేదట.

రాణిని చూడలేదు. నా మీద నాకే నమ్మకం లేక బీరువా తాళం కూడా నీ మేనకోడలికిచ్చాను.

గుండెల్లో నొప్పి మాట నువ్వింకా చెప్పలేదు. దబాయించడం లేదక్కా, నిజంగా భయమేసి అడుగుతున్నాను.

నీ తమ్ముడు

&nbsp;

సెప్టెంబర్ 6

తమ్ముడూ,

ఇన్నాళ్లు రాయకపోవడం అలక కాదు. నీ ప్రశ్నకి కోపం లేకుండా జవాబు రాయాలని ఆగాను. మధ్యలో మరదలు ఫోన్ చేస్తే ఎత్తాను. తను నన్ను మాట్లాడనిస్తుంది.

ముందు ఇక్కడి కబుర్లు. పోయిన వారం ఓనరుగారూ ఓనరమ్మా పైకొచ్చి నా తలుపు కొట్టారు. "పోనీ, ఆ చీమల్నైనా తీసేయండమ్మా" అన్నాడాయన. తీయనండి అన్నాను. "మరి మీరైనా..." అని నసిగాడు. "నేనూ వెళ్లనండి. ఒప్పందం ప్రకారం వచ్చే వేసవిదాకా ఈ వాటా నాది. నా వల్ల మీకు ఏ నష్టమూ లేదని మీ గోడే చెప్పింది. కాదంటే చెప్పాల్సిన చోట చెప్పండి, నేనూ వచ్చి నా మాట చెప్తాను" అన్నాను. ఆయన వెళ్లబోతూ ఆగి, పెట్టెలోకి వంగి చూసి, "కుడతాయా?" అని అడిగాడు. చెయ్యి పెడితే కుడతాయన్నాను. ఆ రోజునుంచి ఓనరమ్మ నాతో మాట్లాడటం మానేసింది. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో.

నువ్వు వాళ్ల ముఖం మీద చెప్పినందుకు నా కోపం తీరింది. పూర్తిగా కాదు, ముప్పాతిక వంతు.

ఇక నీ ప్రశ్న. నాకు గుండెల్లో నొప్పొస్తే మంచినీళ్లెవరిస్తారు? ఎవరూ ఇవ్వకపోవచ్చు. నేను ఒంటరిగా పోవచ్చు కూడా. నాకూ భయమేరా, భయం లేదని నేనెప్పుడూ అనలేదు. కానీ ఆ ఒక్కరోజుకి జడిసి మిగతా రోజులన్నీ మీ అందరి కళ్ల కింద బతకలేను. నాకు కావాల్సినప్పుడు నేనే పిలుస్తాను. పిలిస్తే మాత్రం చేతిలో పని అక్కడే పడేసి పరుగెత్తుకురా. పిలవనప్పుడు, మా అక్క తన పని తను చేసుకుంటోంది, బాగానే ఉంది అనుకో. అలా అనుకుని ఊరుకోవడం నీకు చాలా కష్టమని తెలుసు. అయినా నేర్చుకోవాలి.

రాణి మళ్లీ గుడ్లు పెట్టి ఉంటే ఈపాటికి పిల్లలు తిరుగుతుండాలి. పెట్టకపోయి ఉండొచ్చు, అసలు రాణే పోయి ఉండొచ్చు. నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఈ ఆదివారం ట్యూబు తీసుకుని రా. దారిలో విప్పకు, ఇక్కడ ఇద్దరం కలిసి చూద్దాం.

పిలుస్తున్నాను, రా.

అక్క